ఎడమ మూల మీట తూర్పు

కంప్యూటరు నేర్పే పుస్తకాలన్నింటిలోనూ ఒక మాట ఉంటుంది. కంట్రోల్ మీట ఒంటరిగా ఏ పనీ చేయదు, తోడుగా ఇంకో మీట నొక్కితేనే దానికి బతుకు అని. ఆల్ట్ కూడా అంతేనట. ఆ మాట నమ్మి మీరంతా పరీక్షలు రాసి పాసయ్యారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. చేసుకోండి. నా దగ్గర మాత్రం ఆ మీటలు ఒంటరిగానే పని చేశాయి. పదకొండేళ్ల పైనే చేశాయి. రేపల్లెలో రిజిస్ట్రారు ఆఫీసు ముందు రేకుల షెడ్డులో కూర్చుని నేను రాసిన దస్తావేజులన్నింటికీ హద్దులు వేసింది అవే. ఒక్కటంటే ఒక్క కాగితంలో తప్పు జరిగింది. ఆ ఒక్కటీ పట్టుకుని ‘ముసలాయన పిచ్చి మీటలు’ అని అక్కడ ఇవాళ్టికీ కథలు చెప్పుకుంటున్నారట. చెప్పుకోవడంలో తప్పులేదు, తప్పుగా చెప్పుకుంటున్నారు. అందుకని నేనే రాస్తున్నాను.

నేను దస్తావేజు లేఖరిని. ఇల్లో పొలమో కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ కాగితం రాసిపెట్టేవాణ్ణి. చదువు ఏడో తరగతి. తెనాలిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో బల్లలు తుడిచే పనికి చేరి, మధ్యాహ్నం పూట ఖాళీగా ఉన్న మిషన్ల మీద నాకు నేనే టైపు నేర్చుకున్నాను. తెనాలిలో కాపురం, రేపల్లెలో పని. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కడం, లైను అయిపోయిన చోట దిగడం. దాని తర్వాత రైలుకు పోవడానికి చోటు లేదు, నాకూ అంతే. కంప్యూటరు వచ్చేనాటికి నాకు యాభై దాటాయి. ‘ఇక మీ పని అయిపోయినట్టేనండీ’ అని ఒక పెద్దమనిషి నా మొహం మీదే అన్నాడు. ఆయన పని ముందు అయిపోయింది, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆ మీటల గొడవ ఎందుకు వచ్చిందో చెబుతాను. ఇది అర్థం కాకపోతే మిగతాది అర్థం కాదు.

ప్రతి దస్తావేజులోనూ చివర హద్దులు రాయాలి. తూర్పున ఏముంది, దక్షిణాన ఏముంది, పడమర ఏముంది, ఉత్తరాన ఏముంది. ఇదే వరస. మా తాతల నాటి నుంచీ ఇదే వరస, సూర్యుడి దగ్గర మొదలుపెట్టి కుడిచేతి వైపుగా చుట్టి రావాలి. రోజుకు పది కాగితాలు రాస్తే ఈ నాలుగు మాటలూ నలభైసార్లు కొట్టాలి. వీటికి ఒక్కో మీట కేటాయిస్తే ఎంత సుఖం! కానీ ఖాళీ మీట ఎక్కడుంది? ఇంగ్లీషువాడికి ఇరవయ్యారు అక్షరాలతో సరి. మనకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు కలిసి మీటలన్నీ ఆక్రమించుకున్నాయి, చాలక షిఫ్ట్ పట్టుకుని పై అంతస్తు కూడా కట్టుకున్నాయి. పై వరసలో ఎఫ్ అని రాసున్నవి ఉన్నాయి కదా అంటారు. అక్కడికి చెయ్యి ఎత్తాలి, కళ్లు దించాలి. నేను కళ్లు దించను. నా కళ్లు కాగితం మీదో మనిషి మీదో ఉంటాయి.

అలా వెతికితే, పని లేకుండా కూర్చున్నవి నాలుగే కనిపించాయి. ఎడమ మూల కంట్రోల్, కుడి మూల కంట్రోల్, రెండు బొటనవేళ్ల దగ్గర రెండు ఆల్ట్‌లు.

నేను వాడేది టెక్స్ట్ ఎడిటర్. రంగుల్లేవు, హంగుల్లేవు, రాసింది రాసినట్టు దాచిపెడుతుంది. దానికి మనం సొంతంగా ఆజ్ఞలు రాసుకోవచ్చునని దాని సహాయ పత్రంలో చదివాను. పక్కన నిఘంటువు పెట్టుకుని ఆ పత్రం చదవడానికి నాకు ఒక వేసవి పట్టింది. అంతలో ఎక్కడో ఇంటర్నెట్‌లో అడిగాను, కంట్రోల్ ఒక్కటే నొక్కితే మాట పడేట్టు చేయడం ఎలాగని. ‘అది ఆ మీట పని కాదు’ అని ఒకాయన ఒక్క ముక్కలో జవాబిచ్చాడు. నాకు ఒళ్లు మండింది. అది నీ పని కాదు అనే మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. దస్తావేజు రాయడం ఏడో తరగతివాడి పని కాదన్నారు. కంప్యూటరు యాభై ఏళ్లవాడి పని కాదన్నారు. ఇప్పుడు ఒక మీటను పట్టుకుని అదే మాట!

చేశాను. కిటుకు చిన్నదే. మీట కిందికి వెళ్లినప్పుడు ఏమీ చేయకూడదు, పైకి లేచేటప్పుడు చూడాలి. ఈ మధ్యలో వేరే మీట ఏదైనా తగిలిందా? తగిలితే అది మామూలు జంట పని, దాని దారిన దాన్ని పోనివ్వాలి. ఏదీ తగలకపోతే అప్పుడు ఒంటరి పని. ఎడమ మూల నొక్కి వదిలితే కొత్త పంక్తిలో ‘తూర్పు:’ అని పడుతుంది. కుడి మూల ‘పడమర:’. ఎడమ బొటనవేలికి దక్షిణం, కుడి బొటనవేలికి ఉత్తరం.

ఎడమ తూర్పేంటి, పటంలో ఎడమ పడమర కదా అని మీరు అడుగుతారు. పటం గోడకు ఉంటుంది. నేను షెడ్డులో ఉంటాను. ఆఫీసు గేటు మాకు దక్షిణాన ఉండేది, గేటు వైపు తిరిగి కూర్చుంటే పొద్దుటి ఎండ నా ఎడమ చెంప మీద పడేది. అందుకని ఎడమ తూర్పు. బల్ల మీద వేరే లెక్క ఏమీ లేదు, ఎండ లెక్కే.

నా పక్క బల్ల లేఖరి నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, ముస్లిం, రేపల్లెలోనే పుట్టి పెరిగినవాడు. నేను ‘తమ్ముడూ’ అంటే అతను ‘అన్నా’ అనేవాడు, ఆ పిలుపు తర్వాత తప్పకుండా ఒక చురక ఉండేది.

“అన్నా, కంట్రోల్‌కి పెళ్లి చేయకుండా ఒంటరిగా కాపురం పెట్టించావేంటి?”

“దాని సంపాదన అది సంపాదించుకుంటోంది. నీకెందుకు?”

“మీ ఆవిడ దక్షిణం వైపు కూర్చుంటే యముడి దిక్కు అంటుందని నువ్వే చెప్పావు. ఇప్పుడు యముణ్ణి కూడా మీటలో పెట్టావు!”

నిజమే, మా ఆవిడకు నేను దక్షిణముఖంగా కూర్చోవడం ఏనాడూ నచ్చలేదు. ఉత్తరం కుబేరుడిది, అటు తిరిగితే నాలుగు రాళ్లు నిలుస్తాయని ఆవిడ నమ్మకం. ఆ మాట విన్నట్టుగా ఒకరోజు ఆఫీసు మారింది. పాత భవనం పెచ్చులూడి పోతోందని కొత్త చోటుకు తరలించారు. మేమూ వెనకాలే తరలివెళ్లాం. కొత్త షెడ్డు గేటుకు దక్షిణాన పడింది. గేటు వైపు తిరిగితే ఉత్తరం. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ ఆ సాయంత్రం పాయసం చేసింది. కుబేరుడి పాయసం రుచిగానే ఉంది.

కొత్త షెడ్డులో నాలుగో రోజు చేపల ఆవిడ వచ్చింది.

నిజాంపట్నం వైపు సముద్రం ఒడ్డు మనిషి, చేపల వ్యాపారం. బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సుల్లో తిరిగి, రేపల్లెలో, బాపట్లలో వీధులకు వీధులు వాడుకలు పెట్టుకుంది. నలభై ఏళ్లుంటాయి. మాట గట్టిది. రేపల్లెలో ఒక చిన్న స్థలం కొంటోంది. ముందు ఐసు పెట్టెలు పెట్టుకుని కూర్చునే కొట్టు, వెనక పడుకోవడానికి ఒక గది. ఇక బుట్ట నెత్తిన పెట్టనని దారిలో ఉన్నవాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చింది. అమ్మేది బాపట్ల పెద్దమనిషి ఒకాయన, పాత ధాన్యం వ్యాపారి, ఆవిడ చేపల వాడుకల్లో ఒకరు.

స్థలం సంగతి చెప్పాలి. ఆ పెద్దమనిషి భూమి మధ్యగా ఉత్తరం నుంచి ఒక సందు వచ్చి రైస్‌మిల్లు గోడ దగ్గర ఆగిపోతుంది. సందుకు పడమర పక్క మెరక నేల. తూర్పు పక్క పల్లం, వాన పడితే మోకాలి లోతు నీళ్లు, వాన పోయినా నీళ్లు పోవు. ఆవిడ కొన్నది పడమర పక్క మెరక. అంటే ఆవిడ స్థలానికి తూర్పు హద్దు సందు, పడమర హద్దు అమ్మినాయన మిగులు భూమి. దక్షిణాన మిల్లు గోడ, ఉత్తరాన మళ్లీ ఆయన భూమే.

“తూర్పున ఏముందమ్మా?” అని అడిగాను.

“ఇటు సందు బాబాయ్!” అంటూ చెయ్యి చాపింది. చాపిన చెయ్యి సరిగ్గా సూర్యుడి వైపే చాపింది. సముద్రం మనుషులకు దిక్కు పొరపాటు రాదు. ఆ రోజు సూర్యుడు నా కుడి పక్కన ఉన్నాడు. నా చెయ్యి ఆవిడ చేతి వెంట పోయింది. కుడి చిటికెన వేలు కుడి మూల మీట నొక్కి వదిలింది.

పదకొండేళ్లు నా వేలికి తెలిసింది ‘ఎడమ మీట తూర్పు’ అని కాదు. ‘ఎండ ఉన్న వైపు మీట తూర్పు’ అని. మిగతావాళ్లు హద్దులు చీటీ మీద రాసి తెచ్చేవారు, చీటీ చూసి కొడితే వేళ్లు పాత దారినే పోయేవి; సూర్యుడి వైపు చెయ్యి చాపి చెప్పింది ఆవిడ ఒక్కతే. అది ఆ రోజు నాకు తెలియదు. తర్వాత తెలిసింది.

తెర మీద ‘పడమర: సందు’ అని పడింది. నేను తెర చూడలేదు, ఆవిడ మొహం చూస్తున్నాను. అలాగే దక్షిణం సరిగ్గా పడింది, పడమర దగ్గరికొచ్చేసరికి ‘తూర్పు’ పడింది, ఉత్తరం సరిగ్గా పడింది. కాగితం అచ్చయి వచ్చింది. ఇప్పుడు అసలు తప్పు వినండి. ప్రతి దస్తావేజు చివరా ‘చదివి వినిపించగా విని సమ్మతించి’ అని ఉంటుంది. నేను కాగితం చేతిలో పట్టుకుని, ‘తూర్పు సందు, దక్షిణం మిల్లు గోడ’ అని గడగడా చెప్పేశాను. అది చదవడం కాదు, అప్పజెప్పడం. నా తలలో ఉన్నది చెప్పాను, కాగితంలో ఉన్నది కాదు. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ సమ్మతించారు. రిజిస్టరు అయిపోయింది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆవిడ ఇటుకలు దింపుకుంది, మేస్త్రీ తాడు కట్టాడు. ఆ సాయంత్రమే బాపట్ల నుంచి కబురు వచ్చింది. ఆవిడ మర్నాడు పొద్దున్నే నా బల్ల ముందు నిలబడింది. బుట్ట దింపలేదు, నెత్తిన అలాగే ఉంది.

“బాబాయ్, నా కాగితంలో నాకు గుంట రాశావంట. నిజమేనా?”

“గుంటేంటమ్మా?”

“సందుకి అవతల గుంట. నీళ్లగుంట. బాపట్ల బాబుగారు కాగితం చదివించుకున్నారంట. నీది మెరక కాదు, గుంట అంటున్నారు. నేను చేపలు అమ్ముతాను గానీ పెంచను బాబాయ్.”

నా దగ్గరున్న నకలు తీశాను. హద్దుల్లో మొదటి పంక్తి ‘పడమర: సందు’. తూర్పున అమ్మినాయన మిగులు భూమి. అంటే సందు పడమరగా ఉన్న స్థలం. అంటే అవతల పక్క పల్లం. నా రెండు వేళ్లు తారుమారైతే వచ్చింది ఉత్త తప్పు కాదు, అచ్చంగా ఇంకో స్థలం. ఆ గుంట నిజంగా ఉంది, నేను దాన్ని అక్షరాలా వర్ణించి ఆవిడకు కట్టబెట్టాను.

ఆవిడ నా మొహం చూసింది, అప్పుడు బుట్ట దింపింది.

“నిజమేనన్నమాట,” అంది.

“నా తప్పేనమ్మా.”

“తప్పు నీదైతే గుంట నాకెందుకు బాబాయ్?”

నకలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

పక్క బల్ల తమ్ముడు అంతా విన్నాడు. ఆవిడ వెళ్లాక కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు. “అన్నా, సవరణ దస్తావేజు రాస్తే సరిపోతుంది. కానీ అమ్మినాయన సంతకం కావాలి. వెళ్లి మంచిగా మాట్లాడు. కారణం దగ్గర కంప్యూటర్ పొరపాటు అని పెట్టెయ్. కంప్యూటర్‌కి నోరుందా, పరువుందా?”

బస్సెక్కి బాపట్ల వెళ్లాను. పెద్దమనిషి వరండాలో కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు. నేను నిలబడే అంతా చెప్పాను.

“నేను రాశానా? నువ్వు రాశావు. చదివి వినిపించావు. నేను విన్నాను,” అన్నాడు.

“నేను వినిపించింది కాగితంలో లేదండి.”

“కాగితంలో లేనిది వినిపించడం నీ తప్పు. కాగితంలో ఉన్నది నా హక్కు.”

తీరుగా మాట్లాడాడు, కాదనను. ధాన్యం వ్యాపారంలో నేర్చిన నోరు.

“అయితే ఆవిడ కోర్టుకు వెళ్తుందండి. నేను సాక్షిగా బోనెక్కి, నేను రాసిన కాగితమే తప్పని చెబుతాను,” అన్నాను.

ఆయన నవ్వాడు. “చెప్పు. మర్నాటి నుంచి నీ చేత ఎవడూ అద్దె రసీదు కూడా రాయించుకోడు.”

అదే మాట తమ్ముడూ అన్నాడు, కాకపోతే బాధపడుతూ అన్నాడు. నా మట్టుకు నాకు ఆ రాత్రంతా రెండే గుర్తుకొచ్చాయి. ఆవిడ నెత్తిన బుట్ట, నేను చేత్తో పట్టుకుని చదవని కాగితం. పొద్దున నా పాత నకళ్ల కట్టలన్నీ దింపాను. ఒక్కొక్కటీ తిప్పుతూ పోయాను. ప్రతి కాగితంలోనూ హద్దులు తూర్పుతోనే మొదలయ్యాయి. పదకొండేళ్ల కాగితాల్లో పడమరతో మొదలైంది ఆవిడది ఒక్కటే. సూర్యుణ్ణి వదిలేసి సాయంత్రం నుంచి చుట్టడం మొదలుపెట్టిన లేఖరి ఎవడైనా ఉంటాడా? అది రాసినవాడి వేలు తప్పిందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. కట్టల్లో సగం సంచిలో పెట్టుకున్నాను. రేపల్లె బస్టాండులో ఆవిడ నా కోసం కాచుకుని ఉంది.

“ఈసారి నేనూ వస్తా బాబాయ్. నీకు మెత్తగా మాట్లాడటం తప్ప ఏమీ రాదు.”

నన్ను మెత్తనివాడు అన్న మనిషి లోకంలో ఆవిడ ఒక్కతే.

బాపట్లలో ఆ వీధిలోకి వెళ్లగానే ఆవిడ నన్ను వెనక్కి నెట్టి ముందుకు నడిచింది. గేటు ముందు బుట్ట దించి, రోజూ చేపలకు కేక వేసే గొంతుతోనే కేక వేసింది.

“బాబుగారూ! అమ్మగారూ! చేపలు తేలేదండి, మాట తెచ్చాను!”

పక్క ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. పెద్దమనిషి వరండాలోకి వచ్చాడు, వెనకాల ఆయన భార్య, చేతికి పిండి అంటుకుని ఉంది.

“అమ్మగారూ, పన్నెండేళ్లుగా మీకు చేపలు వేస్తున్నాను. ఏనాడైనా ఖరీదైన పండుగప్ప చూపించి చవక కవళ్లు వేశానా?”

“లేదే. ఏంటే ఇప్పుడు?” అంది ఆవిడ.

“మరి బాబుగారు నాకు మెరక చూపించి గుంట వేస్తున్నారండి!”

ఎవరో గోడ అవతల కిసుక్కున నవ్వారు. పెద్దమనిషి మొహం కందిపోయింది. నేను సంచి దించి నకళ్లు వరండా అంచు మీద పరిచాను. ఆయన భార్య చెయ్యి తుడుచుకుని వచ్చి, ఒక్కొక్కటీ చూసింది. తూర్పు, తూర్పు, తూర్పు. చివరికి వాళ్లది చూసింది.

“ఇదేంటి, పడమరతో మొదలుపెట్టావు?” అని నన్నే అడిగింది.

“అదేనమ్మా నేను చెప్పేది. చెయ్యి తప్పింది.”

ఆవిడ భర్త వైపు తిరిగింది. “స్థలం చూపించడానికి వెళ్లిన రోజు నడిచి చూపించారా, సందులో నిలబడి చూపించారా?”

“నడిచే చూపించాను.”

“ముందు రోజు రాత్రంతా వాన. తెల్ల చెప్పులు వేసుకెళ్లారు, తెల్లగానే తిరిగొచ్చారు. గుంటలో నడిస్తే అలాగే ఉంటాయా?”

ఆయన భార్యతో కాదు, నాతో మాట్లాడాడు. “సోమవారం వస్తాను. కానీ ఒక షరతు. నేను మోసం చేయబోయి దొరికిపోయినట్టు ఉండకూడదు. తప్పు ఎవరిదో కాగితంలో పడాలి.”

“పడుతుందండి,” అన్నాను.

సోమవారం సవరణ దస్తావేజు నేనే రాశాను. కారణం దగ్గర ‘లేఖరి తన మీటలను దిక్కులకు కట్టుకొని, తాను కూర్చున్న దిక్కు మారిన సంగతి మరచి, కాగితము చూడకుండ చదివినందున’ అని పెట్టాను. తమ్ముడు భుజం మీదుగా చూసి నెత్తి కొట్టుకున్నాడు.

“అన్నా, ఇది దస్తావేజా, మరణ వాంగ్మూలమా? రేపటి నుంచి నీ బల్ల దగ్గరికి ఈగ కూడా రాదు.”

“రాకపోతే మానె.”

సబ్ రిజిస్ట్రారు ఒక మేడమ్, ఆ ఊరికి కొత్త. కాగితం చదువుతూ కారణం దగ్గర ఆగింది. మళ్లీ చదివింది.

“ఇదేంటండి? ఇలా ఎవరూ రాయరు. టైపు పొరపాటు అంటే చాలు కదా.”

“కంప్యూటరు పొరపాటు చేయలేదండి. నేను నొక్కిందే వేసింది.”

“మీటలను దిక్కులకు కట్టుకోవడమేంటి?”

చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి, తన ముందున్న కీబోర్డు మీద కంట్రోల్ ఒక్కటే నొక్కి చూసింది. ఏమీ జరగలేదు. నవ్వింది.

“తాతగారూ, ఈ విద్యలు మానేసి అందరిలాగే చేసుకోవచ్చుగా? ఆ మీటలు తీసేయండి.”

వెనక నుంచి తమ్ముడు నా మడమ తొక్కాడు, సరేనండి అనమని. మేడమ్ మంచిదే. అడిగింది కూడా న్యాయంగానే అడిగింది. కానీ నేను ఆ మాట అనలేకపోయాను.

“తీయనండి,” అన్నాను.

తమ్ముడు మడమ ఇంకా గట్టిగా తొక్కాడు.

“తప్పులు రెండండి. నేను ఇటు నుంచి అటు తిరిగి కూర్చుని, నా చేతికి ఆ సంగతి చెప్పలేదు. అది ఒకటి. చదువుతున్నానని చెప్పి చదవలేదు. అది రెండోది. మీటలు తీసేస్తే ఈ రెండూ నా దగ్గరే ఉంటాయి, మీటలు మాత్రం పోతాయి. అప్పుడు తప్పు దేని మీద పెట్టాలండి?”

మేడమ్ కలం తీసుకుని, నేను రాసిన కారణం చుట్టూ గీత గీసి, ‘లేఖరి పొరపాటు వలన’ అని మాత్రం ఉంచి మళ్లీ రాసుకురమ్మంది. రాసుకొచ్చాను. పెద్దమనిషి సంతకం పెట్టాడు. చేపల ఆవిడ వేలిముద్ర వేస్తుందనుకున్నారు అక్కడివాళ్లు, సిరా డబ్బా ముందుకు జరిపారు. ఆవిడ డబ్బా వెనక్కి జరిపి సంతకం పెట్టింది.

ఆ సంతకాలకు ముందే, ఈసారి నిజంగా చదివి వినిపించాను. పంక్తి కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కాగితంలోంచి తీసి చదివాను. “తూర్పు, సందు,” అనగానే ఆవిడ చెయ్యి చాపి చూపించింది. అప్పుడు తర్వాతి పంక్తికి వెళ్లాను.

బయటికొచ్చాక తమ్ముణ్ణి పిలిచి, బల్లకు ఒక పక్క పట్టుకోమన్నాను.

“ఎక్కడికన్నా?”

“ఎక్కడికీ కాదు. తిప్పు.”

ఇద్దరం కలిసి బల్ల తిప్పాం. నేను మళ్లీ దక్షిణముఖంగా, గేటుకు వీపు పెట్టి కూర్చున్నాను. ఎడమ చెంప మీద ఎండ పడింది. ఎడమ మూల నొక్కి వదిలాను. ‘తూర్పు:’ అని పడింది.

“అన్నా, మనుషులంతా అటు వైపు నుంచి వస్తారు! వీపు చూసి ఎవరు రాయించుకుంటారు?”

“వీపు మీద కొట్టి పిలుస్తారు.”

మర్నాడు అతను ఇంటి నుంచి ఒక అద్దం తెచ్చాడు, వచ్చేవాళ్లు కనిపించేట్టు నా ఎదురుగా తగిలిస్తానని. వద్దన్నాను. అద్దంలో కుడి ఎడమలు మారతాయి. ఒకసారి చాలు.

అతను చెప్పినట్టే కొన్నాళ్లు ఈగ కూడా రాలేదు. తప్పు ఒప్పుకుని, ఆ తప్పుకు కారణమైనదాన్ని వదలనివాడి దగ్గర రాయించుకోవడానికి గుండె ఉండాలి. తర్వాత మెల్లగా వచ్చారు. ముందుగా వచ్చింది సముద్రం ఒడ్డు వాళ్లు, చేపల ఆవిడ పంపిన వాళ్లు. ‘ఆ వీపు పెట్టి కూర్చునే తాత దగ్గరికి వెళ్లండి, ఆయనకి తప్పు చేయడం ఎలాగో తెలుసు, మళ్లీ చేయడు’ అని చెప్పిందట. నాకు వచ్చిన యోగ్యతా పత్రం అదొక్కటే. ఆ తర్వాత నేను పని మానేసేవరకూ ఏ కాగితమూ అప్పజెప్పలేదు. హద్దులు చదివేటప్పుడు రాయించుకునేవాళ్లను షెడ్డు బయటికి తీసుకెళ్లి, ఒక్కో దిక్కూ చేత్తో చూపించమనేవాణ్ణి. ఇది చూసి దారిన పోయేవాళ్లు నవ్వేవారు. నలుగురు మనుషులు రోడ్డు మీద నిలబడి నాలుగు వైపులా చేతులు చాపుతుంటే నవ్వు రాదా మరి!

ఇప్పుడు మానేశాను. నా చోటు తమ్ముడే తీసుకున్నాడు, బల్ల గేటు వైపు తిప్పుకున్నాడు, అతని ఇష్టం. కీబోర్డు నేను తెనాలి తెచ్చుకున్నాను. మొన్న రేపల్లె వెళ్లినప్పుడు మిల్లు గోడ వైపు నడిచాను. మెరక మీద కొట్టు ఉంది, తలుపు సందులోకి తీసి ఉంది, తూర్పు ముఖంగా. ఐసు పెట్టెల వెనక స్టూలు మీద కూర్చుని ఆవిడ ఎవరితోనో గట్టిగా బేరమాడుతోంది. నన్ను చూసి లేవలేదు, చెయ్యి మాత్రం తూర్పు వైపు చాపి చూపించింది. అవతల గుంటలో ఒక కొంగ నిలబడి ఉంది.

ఇదంతా రాస్తున్నది కూడా ఆ కీబోర్డు మీదే, తెనాలి ఇంట్లో, దక్షిణముఖంగా కూర్చునే. ఇంకా యముడి దిక్కేనా అని మా ఆవిడ అడుగుతూనే ఉంది. అవును, ఆ దిక్కే. ఆయన వచ్చేరోజు వెనక నుంచి రానక్కర్లేదు, తిన్నగా నా మొహం చూస్తూ రావచ్చు. మీటలు చూడకుండా, ఆయన కళ్లలోకే చూస్తూ, తూర్పు ఏదో చెబుతాను.